జీతం మొదలైన ఏడాదే పాలసీ

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి జ్వరం వస్తే ముందు వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతాడు. రెండు రోజులకూ తగ్గకపోతే ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో సెలైన్ ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, విజయవాడ తీసుకెళ్లండి అని డాక్టరు చెప్పారంటే, ఆ క్షణం నుంచి ఇంట్లో జ్వరం మాట వెనక్కిపోతుంది, డబ్బు మాట ముందుకొస్తుంది. ఎవరి దగ్గర ఎంతుంది, ఎవరిని అడగాలి, గాజులు ఏ బ్యాంకులో పెడితే ఎంతిస్తారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి 75 దాకా. ఆ దారి పొడవునా ఫోన్లే.

ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పత్తి, మిర్చి మీద బతికే ఇళ్లలో డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. ఆసుపత్రి ఖర్చు మాత్రం ఏ నెలలోనైనా రావచ్చు. మధ్యలో పడే గుంతను అప్పుతో పూడుస్తాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇరవై అయిదేళ్ల మనిషికి అయిదు లక్షల ఆరోగ్య బీమా ఏడాది ప్రీమియం, కంపెనీని బట్టి, పాలసీలోని వసతులను బట్టి, సుమారు అయిదు నుంచి తొమ్మిది వేల మధ్య ఉంటుంది. ఈ రెండు అంకెలనూ ఒకే కాగితం మీద రాసుకోండి. తరవాతి పేజీలు ఎందుకు చదవాలో తెలుస్తుంది.

సంపాదన మొదలైన ఏడాదే, ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడే, మీ ఒక్కరి పేరు మీద ఒక పాలసీ తీసుకోండి. కంపెనీ బీమా ఉన్నా, ప్రభుత్వ కార్డు ఉన్నా తీసుకోండి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇదే. అయితే కొనడానికి ముందు, మీకు ఇప్పటికే ఏముందో చూసుకోవాలి. చాలామంది ఉన్నదాన్ని వాడుకోరు, లేనిదాన్ని ఉందనుకుంటారు.

ఇప్పటికే మీ చేతిలో ఉన్నవి

జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. వీటి మీద ఆధారపడి లారీలు, వర్క్‌షాపులు, కాంట్రాక్టు పనులు, గోడౌన్లు. ఇలాంటి చోట్ల పనిచేసే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది: జీతం చీటీ తీసి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత ఉందేమో చూడండి. ఈఎస్ఐ 1948 నాటి చట్టంతో వచ్చింది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, నెలకు 21,000 రూపాయల దాకా వేతనం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. 2019 జూలై నుంచి మన వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 18,000 జీతగాడి నుంచి నెలకు పోయేది 135 రూపాయలు, యజమాని కట్టేది 585. దీనికి వైద్యం మనిషికే కాదు, కుటుంబానికీ దొరుకుతుంది. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. ఇది ఏ ప్రైవేటు ఆరోగ్య పాలసీలోనూ మామూలుగా ఉండదు. మహిళలకు 26 వారాల ప్రసూతి భృతి ఉంది. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాం కాబట్టి మనకు రాదని అనుకోవద్దు. కాంట్రాక్టు కార్మికులకూ వర్తిస్తుంది, కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమానిదే బాధ్యత. ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోండి, ఫోన్‌లో దాచుకోండి. జీతం 21,000 దాటిన ఏడాది ఈ గొడుగు తీసేస్తారని కూడా గుర్తుంచుకోండి. జీతం పెరిగిన సంతోషంలో ఆ సంగతి ఎవరికీ తట్టదు.

రెండోది ప్రభుత్వ పథకం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మన ఊళ్లో ఇప్పటికీ ‘కార్డు మీద ఆపరేషన్ చేయించాం’ అనే అంటారు. ఏడాదికి అయిదు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తించేలా ఆదాయ పరిమితి పెంచారు. 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని 25 లక్షలకు పెంచారు. జాబితాలో 3,257 చికిత్సలున్నాయి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ద్వారా, ఆ పైన 25 లక్షల దాకా పథకం నడిపే ట్రస్టు ద్వారా చెల్లించే కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. గుండె, కిడ్నీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బుల్లో ఈ పథకం ఎన్ని మెట్ట కుటుంబాలను నిలబెట్టిందో లెక్కలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఏజెంటు మాట వినొద్దు.

అయినా దాని మీదే పూర్తిగా ఆధారపడొద్దని ఎందుకంటున్నానంటే, జాబితాలో ఉన్న చికిత్సకే, నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రిలోనే అది పనిచేస్తుంది. బకాయిల గొడవ వచ్చినప్పుడు ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి. 2025 అక్టోబరులో అదే జరిగింది. ఆ వారాల్లోనే ఆపరేషన్ పడినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది. గరికపాడు దాటితే తెలంగాణ. జగ్గయ్యపేట వాళ్లకు కోదాడ పక్కూరే, ఖమ్మం అలవాటైన ఊరే, కానీ రాష్ట్రం వేరు. అక్కడి ఆసుపత్రుల్లో మన కార్డు నడుస్తుందనుకుని రోగిని ఎక్కించుకుని వెళ్లొద్దు. హైదరాబాద్‌లోనూ ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ఎంపిక చేసిన చికిత్సలకే ఆ ఏర్పాటు ఉంది. 104కు ఫోన్ చేసి అడిగి, ఆసుపత్రిలో ఉండే పథకం ప్రతినిధి వైద్యమిత్ర దగ్గర ఖాయం చేసుకున్నాకే చేర్చండి.

మూడోది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరినవాళ్లకు కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ. ఇది మంచిదే. మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వర్తించే పాలసీలు చాలా ఉంటాయి, అమ్మానాన్నలను చేర్చుకునే వీలుంటే అంతకన్నా కావాల్సింది లేదు. కానీ ఉద్యోగం ఆఖరి రోజే దాని ఆఖరి రోజు. ఒక ఉద్యోగానికీ మరో ఉద్యోగానికీ మధ్య ఇంటికొచ్చి రెండు నెలలు ఉంటారు చూడండి, ఆ రెండు నెలలూ ఏమీ ఉండదు. మానేసే ముందు, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ను లిఖితపూర్వకంగా అడగండి. అలా మారితే అప్పటిదాకా గడిచిన కాలం, కింద వివరించే వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొస్తుంది.

ఎందుకు ఇప్పుడే

వెయిటింగ్ పీరియడ్ అంటే పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకు డబ్బు రాని కాలం. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. హెర్నియా, మొలలు, కిడ్నీలో రాళ్లు, శుక్లాల లాంటి వాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. పాలసీ తీసుకునే నాటికే ఉన్న బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటి వాటికి గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలు ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. ఇరవై నాలుగేళ్లకు పాలసీ తీసుకుంటే ఇరవై ఏడు దాటేసరికి ఈ గడువులన్నీ ముగిసిపోతాయి, అదీ మీకు ఏ జబ్బూ లేని రోజుల్లోనే. తరవాత ముప్పై నాలుగులో షుగర్ బయటపడితే, అది పాలసీ తీసుకున్నాక వచ్చిన జబ్బు. కంపెనీ దాన్ని పాత జబ్బు అనలేదు. అదే మనిషి షుగర్ బయటపడ్డాక పాలసీకి వెళితే, అదనపు ప్రీమియం అడగవచ్చు, మూడేళ్లు ఆగమనవచ్చు, ఇవ్వం అని కూడా అనవచ్చు. ఒకసారి ఇచ్చిన పాలసీని మాత్రం, క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ చేయకుండా ఆపడానికి కంపెనీకి వీల్లేదు. కాబట్టి ఇరవైల్లో కట్టే ప్రీమియం ఆ ఏడాది జ్వరాల కోసం మాత్రమే కాదు. ‘నాలుగేళ్లు కట్టాను, రూపాయి రాలేదు’ అని మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. గడువులన్నీ దాటించిన పాలసీని, సరిగ్గా పనికొచ్చే వయసు ముంగిట్లో వదిలేస్తారు.

ఇంకో కారణం ఈమధ్యే తోడైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 8,000 ప్రీమియం మీద 1,440 రూపాయలు అదనంగా పడేది, ఇప్పుడు పడదు.

ఎంతకు, ఎలాంటిది

అయిదు లక్షలకు తగ్గకుండా తీసుకోండి. పది లక్షలు తీసుకోగలిగితే మంచిది, ప్రీమియం రెట్టింపు కాదు. అంత కట్టలేకపోతే అయిదు లక్షల పాలసీ తీసుకుని, దాని పైన సూపర్ టాప్‌అప్ పెట్టుకోవచ్చు. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి అయిదు లక్షలు దాటితే, దాటినదాన్ని తన పరిమితి మేరకు టాప్‌అప్ భరిస్తుంది. దాని ప్రీమియం అసలు పాలసీ ప్రీమియంలో చిన్న భాగమే ఉంటుంది.

అదీ బరువనిపిస్తే ‘ఆరోగ్య సంజీవని’ అడగండి. 2020 ఏప్రిల్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీల చేతా ఒకే నియమాలతో తెప్పించిన పాలసీ ఇది. నియమాలు ఒకటే కాబట్టి ధర మాత్రమే పోల్చి కొనవచ్చు. నెలవారీ వాయిదాల్లోనూ కట్టుకోవచ్చు. ప్రతి బిల్లులో అయిదు శాతం మన చేతి నుంచి పెట్టుకోవాలి, గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000కు మించకూడదు.

గది అద్దె పరిమితి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండు లక్షల పాలసీలో గది పరిమితి రోజుకు 4,000 అనుకుందాం. చుట్టాలు చూడ్డానికి వస్తారు, ఏసీ ఉంటే బాగుంటుందని 8,000 గదిలో చేరారు. అదనంగా రోజుకు నాలుగు వేలేగా, మనం పెట్టుకుందాం అనుకుంటారు. అలా ఉండదు. గది అద్దె పరిమితికి రెట్టింపు కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ లాంటి గదిని బట్టి మారే ఖర్చులన్నిటిలోనూ సగమే ఇస్తారు. అవి లక్షా ఇరవై వేలయితే అరవై వేలు మీ జేబులోంచి పోతుంది. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. అందుకే గది అద్దెకు పరిమితి లేని పాలసీ దొరికితే వెయ్యి రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. పరిమితి ఉన్న పాలసీ అయితే, అడ్మిషన్ కౌంటరు దగ్గర మొదటి మాట ‘నా పాలసీలో గదికి ఇంతే’ అన్నది కావాలి.

మన ఊళ్ల వాళ్లు తప్పకుండా అడగాల్సింది జోన్ గురించి. చాలా కంపెనీలు ఊరిని బట్టి ప్రీమియం వేస్తాయి. జగ్గయ్యపేట, నందిగామ చిరునామాకు తక్కువ, హైదరాబాద్‌కు ఎక్కువ. తక్కువకు వచ్చిందని సంతోషిస్తాం. కానీ కొన్ని పాలసీల్లో, తక్కువ జోన్ ప్రీమియం కట్టి ఎక్కువ జోన్ నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో పది, ఇరవై శాతం మనమే పెట్టుకోవాలన్న నిబంధన ఉంటుంది. మన దగ్గర కేసు పెద్దదయితే బండి ఎటు తిరుగుతుందో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో చేరితే కోత ఉందా అని ఏజెంటును అడిగి, జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. ఉద్యోగం అక్కడే అయితే అక్కడి చిరునామాతోనే తీసుకోండి.

అమ్మానాన్నలను మీ సొంత పాలసీలో కలపవద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే బీమా మొత్తం ఉండే ఫ్యామిలీ ఫ్లోటర్‌లో ప్రీమియం ఇంట్లో పెద్ద వయసువాళ్లను బట్టి లెక్కిస్తారు, వాళ్ల జబ్బుకు మొత్తం ఖర్చయితే ఆ ఏడాది మీకు మిగిలేది ఉండదు. వాళ్లకు వేరే పాలసీ, మీకు వేరే. ఇంట్లో 70 ఏళ్లు నిండినవాళ్లుంటే, 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద అయిదు లక్షల రక్షణ ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మీ ప్రీమియం మీద 25,000 దాకా, అరవై దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు వస్తుంది.

పెళ్లి దగ్గర్లో ఉన్న అమ్మాయిలకు ఒక మాట. ప్రసూతి ఖర్చు అన్ని పాలసీల్లోనూ ఉండదు. ఉన్నవాటిలోనూ సాధారణంగా రెండేళ్లో అంతకు మించో ఆగాలి. గర్భం నిలిచాక వెతికితే దొరకదు. పుట్టింట్లో ఉండగానే సొంత పేరు మీద తీసుకున్న పాలసీ పెళ్లయ్యాక ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. ప్రీమియం ఎవరు కట్టినా, పాలసీ కాగితం, రెన్యువల్ మెసేజీ వచ్చే ఫోన్ నంబరు మీవే అయివుండాలి.

ఫారం నింపేటప్పుడు

మామూలుగా జరిగేది ఇది. ఏజెంటన్నయ్య తన ఫోన్‌లోనే అంతా నింపేస్తాడు, మీ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, చెప్పేస్తారు. ఆ ఓటీపీ మీ సంతకం. చెప్పే ముందు ఆ ప్రశ్నలన్నీ చదవండి. ఆస్తమా, థైరాయిడ్, చిన్నప్పటి ఆపరేషన్, ఫిట్స్, సిగరెట్టు, గుట్కా, మందు అలవాటు, ఉన్నవన్నీ ఉన్నట్టే రాయించండి. ‘అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుందిరా, వదిలేయ్’ అంటాడు. పెరగనివ్వండి. దాచిన సంగతి ఆసుపత్రి కేస్ షీట్‌లో బయటపడితే క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. అయిదేళ్లు, అంటే 60 నెలలు, ఆగకుండా కట్టాక మోసం రుజువైతే తప్ప కంపెనీ పాత విషయాలు తవ్వి క్లెయిమ్ తిరస్కరించలేదు. పాలసీ చేతికందాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ నెలలో ఒక ఆదివారం పాలసీ చదవడానికి కేటాయించండి.

హైవే మీద తిరిగేవాళ్లకు

ఆరోగ్య పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది. కాలు విరిగి ఆర్నెల్లు మంచంలో ఉంటే ఇంటి ఖర్చు కట్టదు. డెలివరీ చేసేవాళ్లు, లారీల మీద వెళ్లేవాళ్లు, రోజూ చిల్లకల్లు మీదుగా బండి మీద పనికి వెళ్లేవాళ్లు ప్రమాద బీమా వేరుగా తీసుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే, పూర్తి వైకల్యం వస్తే రెండు లక్షలు, పాక్షిక వైకల్యానికి లక్ష. 18 నుంచి 70 ఏళ్ల దాకా బ్యాంకులో అడిగితే చాలు, ఏటా ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. మే నెలాఖరున ఖాతాలో ఆ ఇరవై ఉండేలా చూసుకోండి. బండి ఇన్సూరెన్స్‌తో పాటు యజమానే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉంటుంది, కానీ లైసెన్సు లేకపోతే రాదు. రోడ్డు ప్రమాద బాధితులకు, ఎవరైనా సరే, ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. 108కు ఫోన్ చేసేవాళ్లకూ, ఆసుపత్రిలో చేర్చేవాళ్లకూ ఈ సంగతి తెలిసివుండాలి.

చేరాల్సి వచ్చినప్పుడు

సాధారణ పాలసీ 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. ఒక్క రోజులోనే పూర్తయ్యే డే కేర్ చికిత్సలకు మినహాయింపు. ఇంటి దగ్గర ఎక్కించిన సెలైన్‌కు రాదు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 24 గంటల లోపు కంపెనీకి తెలియజేయండి. క్యాష్‌లెస్ అడిగిన గంటలోగా కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటల్లోగా తేల్చాలి. 2024 మేలో ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం ఇది. బిల్లింగ్ కౌంటరు దగ్గర సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ నియమం గుర్తుచేయండి. డబ్బు కట్టి తరవాత తెచ్చుకునే క్లెయిమ్ అయితే డిశ్చార్జి సమ్మరీ, విడివిడి బిల్లులు, మందుల చీటీలు, రిపోర్టులు అన్నీ అసలువి తీసుకుని, ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయండి. 155255 నంబరుకు, బీమా భరోసా పోర్టల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వాళ్లు ఇచ్చిన తీర్పును బీమా కంపెనీ 30 రోజుల్లో అమలు చేసి తీరాలి.